ఏజెన్సీ గూడెంలో బడి: తల్లిదండ్రుల పాత్ర

భద్రాచలం ప్రాంతం 1860లో నిజాం నుంచి బ్రిటిషువారి చేతికి వచ్చింది. 1874లో మద్రాసు రాష్ట్రంలోని గోదావరి జిల్లాలో, 1959లో ఖమ్మం జిల్లాలో చేరింది. జిల్లా కేంద్రం ఎక్కడికి మారినా కోయ, కొండరెడ్డి గూడేలకు అది దూరంగానే ఉండేది. అందుచేత ఇక్కడి విద్యాచరిత్రలో ఒక ప్రశ్న పదే పదే ఎదురవుతుంది: పంతులును పంపేదెవరు? ఆయన బడికి వచ్చాడో లేదో అడిగేదెవరు?

ఈ ప్రశ్నకు తొలి సమాధానాల్లో ఒకటి ఆదిలాబాదులో కనిపిస్తుంది. మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ సూచనలతో నిజాం ప్రభుత్వం 1943లో మార్లవాయిలో గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ ప్రారంభించింది. పిల్లల భాష తెలిసినవాడే వారికి చదువు చెప్పాలన్నది ఆ పథకం వెనుక ఉన్న ఆలోచన.

దశాబ్దాల తరువాత ఐ.టి.డి.ఏ.లు నడిపిన ‘మాబడి’ కూడా ఈ ఆలోచనకు దగ్గరిదే. ప్రభుత్వ పాఠశాల లేని చిన్న గూడెంలో ఊరివాళ్లే పాక వేసుకునేవారు. అదే ప్రాంతంలో కొంత చదువుకున్న గిరిజన యువతి గాని, యువకుడు గాని పాఠం చెప్పేవారు. వారికి శిక్షణ తక్కువ, గౌరవవేతనమూ తక్కువే. అయినా పంతులు రాకపోతే ఇంటికి వెళ్లి అడగగల చనువు తల్లిదండ్రులకు ఉండేది. ‘మా’ అన్న మాటకు అసలు అర్థం అదేనని నా అభిప్రాయం. పై తరగతులకు పిల్లలు ఆశ్రమ పాఠశాల హాస్టలుకు వెళ్లిపోతే ఆ చనువు తెగిపోయేది.

1998లో ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యానికి ప్రత్యేక చట్టం చేసింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం యాజమాన్య కమిటీలో మూడు వంతులకు తగ్గకుండా తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, సగం మంది స్త్రీలు ఉండాలి. కాగితం మీద ఇది చిన్న అధికారమేమీ కాదు. కాని మిరప కోతల రోజుల్లోనో, తునికాకు సేకరణ కాలంలోనో సమావేశం పెడితే హాజరైన తల్లి ఆ రోజు కూలి వదులుకోవలసిందే. తెలుగులో రాసిన తీర్మానం కోయ మాత్రమే మాట్లాడే ఆమెకు అర్థమయ్యేలా ఎవరైనా చెప్పాలి. అలా చెప్పేవారు లేకపోతే మిగిలేది వేలిముద్రే.

ఈ కారణం వల్లనే జి.ఓ. 3 ను విద్యాచరిత్రలో భాగంగా చదవాలి. 2000 జనవరిలో వెలువడిన ఈ ఉత్తర్వు షెడ్యూల్డు ప్రాంతాల్లోని ఉపాధ్యాయ పోస్టులన్నింటినీ స్థానిక గిరిజనులకే కేటాయించింది. దీనికి ముందు 1986లో జి.ఓ. 275 వచ్చింది. ఇది ఉద్యోగాల విషయంగానే చర్చకు వచ్చింది గాని, తల్లి తన భాషలో ప్రశ్నించగల ఉపాధ్యాయుడు బడిలో ఉండటం కూడా ఇందులో ఇమిడి ఉంది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని ఆ ఉత్తర్వును కొట్టివేసింది. అప్పటికే జరిగిన నియామకాలను మాత్రం షరతులతో కొనసాగనిచ్చింది. ఉపాధ్యాయుల హాజరును గమనించే పని కమిటీకి ఉంది. వారి నియామకంలో దానికి పాత్ర లేదు.