జడులని పేరుపడినవారి స్వవాక్కు: ఒక చారిత్రక పరిశీలనము

తెలుగు భాగవతమున బొప్పరాజు గంగన రచించిన పంచమ స్కంధములో జడభరతుని కథ కలదు. సింధుసౌవీర దేశాధిపతియగు రహూగణుడు పల్లకిపై పోవుచుండగా బోయీలకు ఒక మనిషి తక్కువ పడెను. దారిలో కనబడిన బలిష్ఠుడైన ఒక జడుని పట్టి తెచ్చి పల్లకి బొంగు భుజమున పెట్టిరి. అతడు పాదముక్రింద ప్రాణులు నలిగిపోకుండ ముందు చూచుకొని అడుగు వేయుచుండెను. అందుచే అతని నడక తక్కినవారి నడకతో కలియక పల్లకి కుదిపెను. రాజు ఎత్తిపొడిచెను. అంతవఱకు మూగవలె నున్న ఆ మనిషి అపుడు నోరు విప్పెను. విన్న రాజు పల్లకి దిగెను.

భరతుడు జ్ఞాని, జడత్వమును బుద్ధిపూర్వకముగ ధరించినవాడు. నేటి వైద్యశాస్త్ర నామములను పురాణ పురుషులకు అంటగట్టుట నాకు సమ్మతము కాదు. నేడు కొందఱు ఉత్సాహవంతులు ఆ పని చేయుచున్నారు గాని అది చరిత్ర కాదు. నేనీ కథను తలచుటకు కారణము వేఱు. ఆ నడక ఏల తడబడుచున్నదో నడచువాడు చెప్పువఱకు ఎవ్వరికిని తెలియలేదు. తెలిసికొనవలెనని అడిగినవారును లేరు.

ఆటిజము, బుద్ధిమాంద్యము, చదువు వ్రాతలయందు అక్షరములు కుదురని డిస్లెక్సియా మొదలగువాటిని గలవారిని నేడు ఆంగ్లమున న్యూరోడైవర్జెంట్ అను ఒక్క మాటతో చెప్పుచున్నారు. మెదడు పని చేయు తీరున అధిక సంఖ్యాకులకంటె భిన్నులైనవారని దాని భావము. తెలుగున నాడీవైవిధ్యము గలవారు అనవచ్చును. పూర్వము మనకున్న మాటలు జడుడు, వెఱ్ఱివాడు, మందుడు, మూగ. ఈ మాటలన్నియు చూచువాడు పెట్టినవే. చూడబడువాడు పెట్టుకొన్నది వానిలో నొక్కటియు లేదు. మన శాసనములలో, లెక్కలలో, శాస్త్రములలో వీరిని గూర్చి ఎవరు మాటలాడిరి, వీరి మాటకు చోటెప్పుడు దొరికెను అను విషయమును ఈ వ్యాసమున విచారింపదలచితిని.

మొదట ధర్మశాస్త్రము. మనువు తొమ్మిదవ అధ్యాయమున దాయభాగమునకు అర్హులు కానివారిని చెప్పుచు పుట్టుగ్రుడ్డి, పుట్టుచెవిటి, ఉన్మత్తుడు, జడుడు, మూగ అని ఎన్నెను. వారికి ఆస్తిలో భాగము లేదు. అన్నవస్త్రములు మాత్రము జ్ఞాతులు జీవితాంతము ఇచ్చి తీరవలెను. యాజ్ఞవల్క్యుని మతమును ఇంచుమించుగ నిదియే. దానికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను పదుమూడవ శతాబ్దిలో మూలఘటిక కేతన తెనిగించెను. ధర్మశాస్త్రమును తెలుగువాడు తన భాషలో చదువుకొనుటకు వీలైనది అప్పటినుండియే. పోషణ విధించుట దయయే; కాదనను. కాని భాగము లేనివాడు ఇంటిలో మాట లేనివాడగును. పంపకముల నాడు పెద్దలు కూర్చుండిన చాపపై అతనికి చోటుండదు.

ఈ కట్టుబాటు ఎంతకాలము నిలిచినదో చాలమంది ఎఱుగరు. బ్రిటిషు ప్రభుత్వము 1928లో హిందూ వారసత్వ అనర్హతల నివారణ చట్టమును చేసి గ్రుడ్డివారికి, చెవిటివారికి, మూగవారికి అడ్డు తొలగించెను. కాని పుట్టుకతో ఉన్మత్తుడో జడుడో అయినవానిని మాత్రము ఆ చట్టము మినహాయించెను. తక్కినవారందఱు గడప దాటిన తరువాత తలుపు మూయబడినది వీరి మొగముననే. 1956 హిందూ వారసత్వ చట్టపు 28వ విభాగము వచ్చినగాని ఆ తలుపు తెఱువబడలేదు. మనువు కాలమెంత ప్రాచీనమైనను ఈ అనర్హత మాత్రము మన తాతల కాలము వఱకు బ్రదికియున్నదే.

శిక్షాస్మృతులతోపాటు ఆంగ్లేయులు తెచ్చినది ఉన్మాద చట్టము. 1858లో మొదటిది, 1912లో రెండవది. 1912 చట్టము ఉన్మత్తుడన జడుడుగాని చిత్తస్వాస్థ్యము లేనివాడుగాని అని నిర్వచించి, రోగమును పుట్టుకను ఒకే త్రాట కట్టివేసెను. బంధువు అర్జీ, ఇద్దఱు వైద్యుల పత్రములు, మేజిస్ట్రేటు ఉత్తరువు: ఈ మూడు కూడిన మనిషి ఆశ్రమమున చేరవలసినదే. ధర్మపురి అప్పుడు సేలము జిల్లాలోని తాలూకా. 1965 అక్టోబరు 2వ తేదీన గాని ప్రత్యేక జిల్లా కాలేదు. ఇక్కడివారికి దిక్కైన ఉన్మాదాలయము చెన్నపట్టణమున 1871లో కీల్పాకున వెలసినది. జడత్వమును రోగమునుండి వేఱుచేసినది 1987 మానసికారోగ్య చట్టము. అనగా డెబ్బదియైదేండ్లు ఒకే త్రాడు.

వేఱుచేసిన తరువాతను సంకెలలు పోలేదు. రామనాథపురము జిల్లా ఏర్వాడిలో 2001 ఆగస్టు 6వ తేదీన ఒక ప్రైవేటు శరణాలయము అంటుకొనినపుడు గొలుసులతో కట్టబడి తప్పించుకొనలేక 28 మంది మరణించిరి. వారు మానసిక రోగులుగ చేర్పబడినవారు. మా ప్రాంతమున చిత్తము కుదురనివారిని దర్గాలకు, కోవెలలకు తీసికొనిపోవు వాడుక మతభేదము లేక కలదు గనుక ఆ వార్త మా వీథులలో బహుకాలము వినబడినది.

జనాభా లెక్కలకు వత్తము. 1881 మొదలు 1931 వఱకు జరిగిన లెక్కలలో ఉన్మత్తులు, చెవిటిమూగలు, గ్రుడ్డివారు, కుష్ఠరోగులు అను నాలుగు వైకల్యములను వ్రాసికొనిరి. పిదప చాలకాలమా ప్రశ్న విడిచిపెట్టిరి. 1981లో ఒకమాఱు అడిగి, 1991లో మాని, 2001లో మరల ఎత్తుకొనిరి. 2011 లెక్క ప్రకారము దేశమున వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. బుద్ధిమాంద్యము గలవారు 15 లక్షలు. మానసిక రోగులు 7 లక్షల 22 వేలు. ఆటిజమునకు ఆ పట్టికలో గడియే లేదు. అన్నిటికంటె ముఖ్యమైనది, గణకుడు వాకిట నిలిచి అడుగునది ఇంటి పెద్దను. పెండ్లికెదిగిన ఆడపిల్ల ఇంటనున్నచో లోపలిగదిలోని తమ్ముని గూర్చి పెద్ద ఏమి చెప్పునో మనకు తెలియనిది కాదు. ఆ లక్షలను నేను తప్పనను. అవి ఇతరులు చెప్పిన లక్షలని మాత్రము గుర్తుంచుకొనవలెను.

శాస్త్రమున ఆటిజము కథ ఇట్లే నడచినది. రష్యా దేశమున గ్రున్యా సుఖరేవా 1925లోను, అమెరికాలో లియో కానర్ 1943లోను, వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ 1944లోను పిల్లలను చూచి వ్రాసిరి. అందఱును బయట నిలిచి చూచినవారే. లోపలినుండి మొదట విస్తారముగ వ్రాసినవారిలో అమెరికా స్త్రీ టెంపుల్ గ్రాండిన్ ముఖ్యురాలు. ఆమె ఆత్మకథ 1986లో వచ్చెను. ఆస్ట్రేలియాకు చెందిన డానా విలియమ్స్ గ్రంథము 1992లో వచ్చెను. ధ్వని, స్పర్శ, వెలుతురు తమను ఎట్లు బాధించునో వీరు వ్రాసిరి. అమెరికా మనోవైద్య సంఘమువారి 1994 లక్షణ సంపుటిలో ఆటిజమునకు చెప్పిన లక్షణములలో ఈ ఇంద్రియబాధ లేదు. 2013 సంపుటిలో చేరినది. ఉన్న సంగతి ఉన్నవారు చెప్పిన పిమ్మట శాస్త్రము పట్టికకెక్కుటకు ఇరువదియేడేండ్లు పట్టెను.

1993లో టొరంటో నగరమున జరిగిన సభలో తాను ఆటిజము గలవాడైన జిమ్ సింక్లెయిర్ తలిదండ్రుల యెదుట నిలిచి, మీరు దుఃఖించుచున్నది మీరు ఎదురుచూచిన బిడ్డకొఱకు. పుట్టిన మేము ఇక్కడనే ఉన్నాము అను భావమున ప్రసంగించెను. కఠినమైన మాటయే. తల్లి కన్నీటిని తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. అయినను ఆ సభలో ఆ మాట పుట్టుటకు ఆ మనిషియే కావలసివచ్చెను. నాడీవైవిధ్యము అను భావము ఆ దశకముననే ఇట్టివారి పరస్పర చర్చలలో రూపొందినది.

మన పొరుగున కర్ణాటకమున బాల్యము గడపిన టిటో రాజర్షి ముఖోపాధ్యాయ మాటలాడలేని బాలుడు. ఎనిమిది మొదలు పదునొకండేండ్ల ప్రాయమున వ్రాసిన అతని గ్రంథమును 2000లో ఇంగ్లండు ఆటిజము సంఘమువారు ప్రకటించిరి. తల్లి సోమ అతనికి నేర్పిన పద్ధతిపై పండితులలో తీవ్ర విభేదము కలదు. అట్టి పద్ధతులలో ప్రక్కన కూర్చున్నవారి మాటయే పిల్లవాని మాటగ వెలువడు ప్రమాదమున్నదని 2018లో అమెరికా వాక్‌శ్రవణ శాస్త్ర సంఘమువారు దానిని వలదనిరి. టిటో స్వహస్తముతో వ్రాయుట చూచితిమనువారును కలరు. ఈ వివాదమును నేను తీర్పజాలను. కాని ఇంటి పెద్ద చెప్పిన జవాబు విషయమున పడని అనుమానము ఈ బాలుని విషయమున మాత్రమే పండితులకు కలుగుట చిత్రము. అనుమానము రెండుచోట్లను ఉండవలసినదే.

తెలుగునేలకు ఇందు గౌరవస్థానము కలదు. సికిందరాబాదున 1984లో స్థాపింపబడిన జాతీయ బుద్ధిమాంద్య సంస్థవారు 2009లో ఆటిజమును కొలుచుటకు భారతీయ మానమును సిద్ధపఱచిరి. అందు నలువది అంశములు. ఒక్కొక్కదానికి ఒకటి మొదలు అయిదు వఱకు గుణములు. మొత్తము డెబ్బదికి లోపైన ఆటిజము లేదు. నూటయేబదిమూడు దాటిన తీవ్రము. ప్రమాణపత్రములకు నేడు దేశమంతట ఈ మానమే ఆధారము. ఇంద్రియబాధలకు ప్రత్యేక విభాగమును 2009లోనే ఉంచుటలో మనవారు అమెరికా సంపుటికంటె ముందుండిరి. ఇది చెప్పుకొనదగినదే. అయినను కొలత జరుగుట పిల్లవానిని చూచియు, తలిదండ్రులను అడిగియు. చప్పుడు చెవికెట్లుండునో చెవి గలవానిని అడుగు గడి అందు లేదు.

ఇచట భాషోపాధ్యాయుడనుగ ఒక సంగతి చెప్పవలసియున్నది. ఆ నలువది అంశములలో విన్న మాటనే తిరిగి పలుకుట యొకటి, సర్వనామములను తాఱుమాఱు చేయుట యొకటి. మన ఇండ్లలో తల్లి 'అన్నము తింటావా?' అని అడిగిన, ఇట్టి బిడ్డ 'తింటావా' అనును. తల్లి కంచము పెట్టును, ఏలయన అది ఆ ఇంటిలో ఔనను మాట. తెలుగున నేను, నీవు అని చెప్పకయే క్రియ చివర పురుష తెలియును గనుక తాఱుమాఱైనది సర్వనామమున గాక ప్రత్యయమున దాగియుండును. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలలోని తెలుగు పిల్లవాడు తమిళము మాత్రమెఱిగిన పరీక్షకుని ముందు కూర్చున్నపుడు తల్లి దుబాసి యగును. ఆమె బిడ్డ మాటను దిద్ది చెప్పును. అది తల్లి స్వభావము. అపుడు పరీక్షకునికి చేరునది బిడ్డ తప్పును కాదు, బిడ్డ ఒప్పును కాదు. ఇక పిల్లవాడు తమిళ ప్రశ్నకు ఊరకుండిన, అది ఆటిజపు మౌనమా, రాని భాష ముందటి మౌనమా? రెంటికిని ఒకే గడిలో గుణము వేసిన కొలత చెడును.

చట్టము మాత్రము మెల్లగ మాఱినది. 1995 వికలాంగుల చట్టమున చెప్పిన ఏడు వైకల్యములలో ఆటిజము లేదు. 1999లో ఆటిజము, మస్తిష్క పక్షవాతము, బుద్ధిమాంద్యము, బహువైకల్యము గలవారికై జాతీయ న్యాసము చట్టము వచ్చెను. సంరక్షకులను నియమించుటకు జిల్లాకొక సంఘము. అందు కలెక్టరు స్థాయి అధికారి, ఒక సంస్థ ప్రతినిధి, ఒక వికలాంగుడు. ఆ మూడవవాని నిర్వచనమును 1995 చట్టమునుండి ఎరవు తెచ్చిరి. ఫలితమేమన, ఆటిజము గలవారికై చేసిన చట్టములో, వారి సంరక్షకుని నిర్ణయించు బల్ల యొద్ద, ఆటిజము మాత్రమే గలవానికి పీట లేదు. కావలెనని చేసినదని నేననను. వ్రాయునపుడు ఎవ్వరికిని తోచలేదు, తోపకపోవుటయే చరిత్ర.

2006 డిసెంబరు 13న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒడంబడికను భారతదేశము 2007 అక్టోబరు 1న అంగీకరించెను. వికలాంగులను గూర్చిన విధానములను వారిని, వారి పిల్లలను సయితము, సంప్రదించియే చేయవలెనని అందు కలదు. దానికి అనుగుణముగ వచ్చిన 2016 చట్టము వైకల్యములను ఇరువదియొకటిగ లెక్కించి ఆటిజమును, డిస్లెక్సియా మొదలగువాటిని చేర్చెను. సంరక్షకుడు ఆ వ్యక్తితో సంప్రదించియే నిర్ణయింపవలెననెను. పరిశోధకులు గుర్తెఱుగవలసినది ఆఱవ విభాగము: వికలాంగుని స్వేచ్ఛా సమ్మతి లేక అతనిపై పరిశోధన చేయరాదు; ముందుగ ఒక సంఘము అనుమతి పొందవలెను; ఆ సంఘమున సగమునకు తక్కువ కాకుండ వికలాంగులో, నమోదైన సంస్థల సభ్యులో ఉండవలెను. చదువుటకు సొంపుగనే యున్నది. కాని ఆ సంస్థలలో తలిదండ్రుల సంఘములు, సేవాసంఘములు చేరును. కావున ఆ సగమంతయు వైకల్యము లేనివారితోనే నింపినను చట్టభంగము కాదు. పీట వేసిరి, ఎవరు కూర్చుందురో చూడవలెను.

నా తరగతిలో ఒక బాలుడు గంట మ్రోగినపుడెల్ల చెవులు మూసికొని బల్ల క్రిందికి వంగుచుండెను. గంట చప్పుడు పడదని మేమందఱము నిశ్చయించి, గంటకు దూరముగ గది చివర కూర్చుండబెట్టితిమి. బాధ హెచ్చినది. పాఠశాలలో తెలుగు, తమిళము, ఆంగ్లము మూడును నేర్చుచున్న ఆ పిల్లవాడు ఏ భాషలోను నోటితో వివరము చెప్పడు. ఒకనాడు పలక ఇచ్చి తెలుగున అడిగితిని. చాలసేపటికి 'బెంచి కాళ్లు' అని వ్రాసెను. గంట కాగానే నలువదిమంది ఒక్కసారి లేచుటతో ఇనుప కాళ్లు నేలపై గీయు కీచుమను ధ్వని అతనికి పడదు. గది చివర అన్ని బెంచీల ధ్వనియు అతని మీదికే వచ్చుచుండెను. గంట అతనికి ముందు హెచ్చరిక మాత్రమే. పాత సైకిలు ట్యూబు ముక్కలు తెచ్చి కాళ్లకు తొడిగించితిమి.

ఈ సంచికకు వ్రాయబూనినపుడు, ఈ సంగతి వ్రాయవచ్చునా అని అతనినే అడిగితిని. తల్లి వెంటనే వ్రాయుడనెను. అతడు మఱునాడు పలకపై జవాబిచ్చెను: బెంచి సంగతి వ్రాయవచ్చును, పేరు వలదు.