రేడియో పెట్టెకు రూపము

నా మాటలను మీకు వినిపించు పెట్టెకు రూపమెట్లు కుదిరెనో మనవి చేసెదను. 1922లో ఇంగ్లండున బి.బి.సి. ప్రసారములు మొదలైన తొలినాళ్లలో రేడియో యనగా బ్యాటరీలు, తీగెలు, వేఱుగా నిలిచిన గ్రామఫోను బూరవంటి బాకా. ఆ చిక్కును చూచి ఎందఱు జంకిరో! పిమ్మట దానినంతయు కొయ్యపెట్టెలో దాచి, బీరువాకు తమ్మునివలె చేసిరి.

1934లో ఎక్కో కంపెనీవారు ఏడీ-65 అను రేడియోను అమ్మకమునకు తెచ్చిరి. దాని రూపమును కల్పించినవాడు వెల్స్ కోట్స్ అను వాస్తుశిల్పి. బేకలైటుతో అచ్చుపోసిన గుండ్రని పెట్టె. నడుమ ధ్వని వెలువడు జాలి. దానిపై విల్లువలె వంగిన స్టేషన్ల పట్టిక. క్రింద త్రిప్పెడి బిరడలు. శబ్దమెచటనుండి వచ్చునో, దేనిని త్రిప్పవలెనో చూచినంతనే తెలియును. దీనిని పైమెఱుగని కొందఱందురు. నేనొప్పుకొనను. కోట్స్ మెఱుగు పెట్టలేదు, బీరువావేషమును తీసివేసెను.