అపాత్రదానం

ఒకరి ఉదారతను తప్పుపట్టాలంటే తెలుగులో ‘అపాత్రదానం’ అంటాం. తాగి తగలేసేవాడి చేతిలో డబ్బు పెట్టినా, చేసిన మేలు గుర్తుంచుకోనివాడిని మళ్లీ ఆదుకున్నా పెద్దల నోట వచ్చే మాట ఇదే. ఇచ్చినవాడు మంచివాడే కావచ్చు, వివేకి మాత్రం కాడని ఆ మాటలో ఉన్న తీర్పు. క్రైస్తవులు ‘కృప’ అని చెప్పుకునేదాన్ని ఇంకో తెలుగు మాటలో చెప్పమంటే నేను ఈ నిందనే ఎంచుకుంటాను.

పాత్ర అంటే మనకు గిన్నె. సంస్కృతంలోనూ మొదటి అర్థం అదే. తాగడం అనే అర్థమున్న ‘పా’ ధాతువు నుంచి వచ్చింది. పోసినది నిలుపుకునేది పాత్ర, ఇచ్చినది నిలుపుకోగలవాడు పాత్రుడు. దేశం, కాలం, పాత్రత చూసి ఇచ్చేదే సాత్త్వికమైన దానమనీ, అపాత్రులకు ఇచ్చేది తామసమనీ భగవద్గీత పదిహేడో అధ్యాయం చెబుతుంది. ఇది మన దేశానికే పరిమితమైన ఆలోచన కాదు. అపొస్తలుడైన పౌలు కాలంలోనే రోములో సెనెకా ఉపకారాల గురించి ఏడు భాగాల గ్రంథం రాశాడు. ఎవరికి ఇస్తున్నామో ఎంచి చూడాలన్నది అందులో ముఖ్యమైన సలహా. లోకమంతా ఒప్పుకున్న ధర్మమిది. ఇందులో తప్పేమీ లేదు కూడా.

కృప అనడానికి పౌలు వాడిన గ్రీకు మాట ‘ఖారిస్’. సంతోషించడం అనే క్రియకు దగ్గర చుట్టం. అందం, అభిమానం, కానుక, కానుక అందుకున్నవాడు తెలిపే కృతజ్ఞత, ఇవన్నీ ఆ ఒక్క మాటలోనే ఇమిడి ఉన్నాయి. ఊరికి మేలు చేసిన దాతలను కీర్తిస్తూ గ్రీకు నగరాలు చెక్కించిన శాసనాల్లోనూ అది కనబడుతుంది. కాబట్టి పౌలు కొత్త పదాన్నేమీ పుట్టించలేదు. ఆ పదానికి అవతల నిలబడి పుచ్చుకునేవాడిని మార్చాడు. బ్రిటన్ పండితుడు జాన్ బార్‌క్లే 2015లో వెలువరించిన పెద్ద గ్రంథం చెప్పేదీ ఇదే: పౌలు దృష్టిలో దేవుని కానుకకూ అందుకునేవాడి యోగ్యతకూ పొంతన ఉండదు. రోమా పత్రిక ఐదో అధ్యాయంలో ఐదు వచనాల లోపలే ఆ అందుకునేవారి పేర్లు వరసగా వస్తాయి: బలహీనులు, భక్తిహీనులు, పాపులు, శత్రువులు. మనం బాగుపడ్డాక కాదు, పాపులమై ‘ఉండగానే’ క్రీస్తు చనిపోయాడని అక్కడి వాదం. ఆ ‘ఉండగానే’లో చివరి ‘నే’ ఎంత పని చేస్తోందో తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? అది తీసేస్తే మిగిలేది పాత్రదానమే.

ఈ ఖారిస్‌కు తెలుగులో దొరికిన మాట కృప. దీని పుట్టుక సంతోషంలో కాదు, దుఃఖంలో. శోకించడం, విలపించడం అనే అర్థమున్న ‘కృప్’ ధాతువు దీనికి మూలం. ఎదుటివాడి దురవస్థ చూసి లోపల కలిగే ఏడుపే కృప. ఆ దురవస్థలో ఉన్నవాడు కృపణుడు. ‘కృపణుడు’ అంటే పిసినారి అనే అర్థం తరువాత స్థిరపడింది, మొదట వాడు దీనుడే. మహాభారతంలో శంతన మహారాజు అడవిలో దొరికిన కవల పసికందులను కృపతో ఇంటికి తెచ్చి పెంచాడు కాబట్టే వాళ్లకు కృపుడు, కృపి అని పేర్లు వచ్చాయి. అడవిలో పడి ఉన్న పసిబిడ్డకు ఏ యోగ్యత ఉంటుంది? గ్రీకులో ఇచ్చేవాడి ఆనందం, సంస్కృతంలో చూసేవాడి దుఃఖం, ఈ రెండూ తెలుగు క్రైస్తవుడి నోట ఒకే మాటలో కలిశాయి. మూలంలో ఉన్న ఉల్లాసం కొంత తగ్గిందని కొందరు అనవచ్చు. నాకు మాత్రం సిలువ కథకు దుఃఖపు వేరున్న మాటే ఎక్కువ సరిపోయిందనిపిస్తుంది.

పైగా తెలుగు బైబిలు ఇంకో పని చేసింది. హీబ్రూలో ‘హెసెద్’ అనే మాట ఉంది. ఇచ్చిన మాటకు, కలుపుకున్న బంధానికి చివరిదాకా కట్టుబడి ఉండే ప్రేమ అది. హీబ్రూ బైబిలులో సుమారు 250 చోట్ల వస్తుంది, వాటిలో సగం కీర్తనల్లోనే. 136వ కీర్తనలో ఉన్న 26 వచనాలూ ఆ మాటనే పల్లవిగా పాడతాయి. ప్రాచీన గ్రీకు అనువాదకులు దాన్ని చాలావరకు ‘ఎలెయోస్’ అన్నారు, అంటే జాలి. అందువల్ల గ్రీకులో చదివేవాడికి దావీదు మాట వేరు, పౌలు మాట వేరు. తెలుగులో అక్కడా కృపే, ఇక్కడా కృపే. కీర్తనల నుంచి రోమా పత్రికలోకి వచ్చే తెలుగు పాఠకుడికి దారి తెగదు.

వీటన్నిటికీ కూడలి 51వ కీర్తన మొదటి వచనం. దాని శీర్షికే సందర్భం చెబుతుంది: దావీదు బత్షెబ దగ్గరకు వెళ్లిన తరువాత నాతాను ప్రవక్త వచ్చి నిలదీసినప్పటి ప్రార్థన. పరాయి ఇల్లాలిని చెరిచి, ఆమె భర్త ఊరియాను యుద్ధం ముమ్మరంగా ఉన్నచోట నిలబెట్టించి చంపించిన రాజు ఇతను. మోషే ధర్మశాస్త్రంలో ఈ రెండు నేరాలకూ మరణమే శిక్ష. బలి ఇచ్చి బయటపడదామంటే దేవుడు బలిని కోరడం లేదని ఆ కీర్తనే ఒప్పుకుంటుంది. ఈ స్థితిలో ఒక్క వచనంలో మూడు మాటలను పట్టుకుంటాడు. కృప, కరుణింపు, వాత్సల్యం.

మూడోదాని దగ్గర ఎంతసేపైనా నిలబడవచ్చు. హీబ్రూలో అది ‘రహమీమ్’. గర్భాశయానికి ‘రెహెమ్’ అని పేరు. రెండూ ఒకే మూలానివి. కడుపున మోసిన తల్లికి ఉండే ప్రేమ అన్నమాట. దానికి తెలుగులో పెట్టిన వాత్సల్యానికి మూలం వత్సం, అంటే దూడ. ఈనిన ఆవు, ఇంకా మావి అంటుకునే ఉన్న తన దూడను నాకి శుభ్రం చేయడమే వాత్సల్యమని శ్రీవైష్ణవ ఆచార్యులు వివరించారు. దూడ ముందు శుభ్రపడి ఆవు దగ్గరకు రాదు. మురికిగా ఉన్నదాన్నే ఆవు దగ్గరకు తీసుకుంటుంది, ఆ మురికిని తన నాలుకతోనే తీసేస్తుంది. ఇప్పుడు కీర్తనలో వాత్సల్యాన్ని ఆధారం చేసుకుని దావీదు అడిగిందేమిటో చూడండి: నా అతిక్రమాలను తుడిచెయ్యి, నన్ను కడుగు అని. హీబ్రూలో గర్భం, సంస్కృతంలో దూడ. ఒక భాషకూ ఇంకొక భాషకూ మధ్య ఇంతకన్నా చక్కటి వియ్యం నేను ఎక్కడా చూడలేదు.

ఇక నిందకు వద్దాం. అపాత్రదానం అనే ఆక్షేపణ సువార్తల్లోనే రెండుచోట్ల గట్టిగా వినబడుతుంది. మత్తయి ఇరవయ్యో అధ్యాయంలో పొద్దున్నుంచి ఎండలో పనిచేసిన కూలీలకూ, పొద్దుగూకే ముందు గంటసేపు చేసినవాళ్లకూ ద్రాక్షతోట యజమాని తలా ఒక దేనారమే ఇస్తాడు. మొదట వచ్చినవాళ్లు సణుగుతారు. లూకా పదిహేనో అధ్యాయంలో ఆస్తిని తగలేసి వచ్చిన తమ్ముడికి విందు చేస్తుంటే పెద్దకొడుకు ఇంట్లోకి రానంటాడు. ఇద్దరి లెక్కా సరైనదే. యేసు కూడా ఆ లెక్క తప్పని అనలేదు. ఇచ్చేవాడి చెయ్యి ఆ లెక్కకు కట్టుబడి ఉండదని మాత్రమే చెప్పాడు.

అయితే అంత తేలిగ్గా వదిలెయ్యగల ఆక్షేపణ కాదిది. ఊరియా చనిపోయాడు. అతని తరఫున అడిగేవాళ్లకు జవాబేమిటి? హంతకుణ్ని ఊరికే వదిలేసేవాడు దయాళువు అవుతాడేమో, న్యాయాధిపతి ఎలా అవుతాడు? లూకా పద్దెనిమిదో అధ్యాయంలో దేవాలయంలో రొమ్ము కొట్టుకున్న సుంకరి వాడిన క్రియలో దీనికి జవాబు ఉంది. తెలుగులో అది ‘కరుణించు’. గ్రీకులో అది మామూలుగా జాలి పడమని అడిగే మాట కాదు. ప్రాయశ్చిత్తానికి సంబంధించిన మాట. నిబంధన మందసం మీది బంగారు మూతకు గ్రీకు బైబిలులో ఉన్న పేరు ఆ మూలం నుంచి వచ్చిందే. ఏటా ప్రాయశ్చిత్త దినాన ప్రధాన యాజకుడు రక్తం ప్రోక్షించే చోటది. రోమా పత్రిక మూడో అధ్యాయంలో పౌలు ఆ పేరునే క్రీస్తుకు పెట్టాడు. తెలుగులో ఈ మూడూ వరసగా కరుణించు, కరుణాపీఠం, కరుణాధారం అయ్యాయి. ఒకే వేరు మూడుచోట్లా పైకి కనిపిస్తూనే ఉంది. యోహాను మొదటి పత్రికలో మాత్రం ఇదే కుదురుకు చెందిన మాటకు ‘శాంతికరం’ అని వేరే మాట పెట్టారు, అక్కడ ఆ చుట్టరికం కాస్త మరుగునపడింది. ఏదేమైనా సుంకరి అడిగింది చూసీచూడనట్టు పొమ్మని కాదు. తన పాపానికి కట్టవలసిన వెల ఎక్కడో కట్టబడాలనీ, తాను దాన్ని కట్టలేననీ అతని మొర. ఆ వెల ఇచ్చేవాడి మీదే పడిందన్నది క్రైస్తవ విశ్వాసం.

అందుకే రోమా పత్రిక మూడో అధ్యాయంలోనే, కరుణాధారానికి ఒక్క వచనం ముందు, కృప పక్కన వచ్చే ‘ఉచితముగా’ అనే మాట నన్ను కదలనివ్వదు. గ్రీకులో దానికి ‘కానుకగా’ అని అర్థం. సంస్కృతంలో ఉచితమంటే తగినది, న్యాయమైనది. సముచితం, అనుచితం, ఔచిత్యం అన్నప్పుడు మనమూ ఆ అర్థంలోనే వాడతాం. ఒంటరిగా వచ్చినప్పుడు మాత్రం తెలుగులో ఉచితమంటే డబ్బు తీసుకోకుండా ఇచ్చేది. తగినదీ, ఊరికే వచ్చినదీ ఒకే మాట ఎలా అయ్యాయి? మామూలు వ్యవహారంలో ఈ రెండూ కలవవు. తగినవాడికి ఇస్తే అది జీతం, తగనివాడికి ఊరికే ఇస్తే అపాత్రదానం. దేవుడు నీతిమంతుడిగా ఉంటూనే దోషిని నీతిమంతుడని ఎలా తీర్చగలడన్నదే అక్కడ పౌలు ముందున్న ప్రశ్న. ఉచితం అనే తెలుగు మాట తన రెండు అర్థాలతోనూ ఆ ప్రశ్న నడిబొడ్డున నిలబడింది. అనువాదకులు అనుకుని చేసినా అనుకోకుండా చేసినా, ఇది తెలుగుకు దక్కిన భాగ్యం.

ఆ పత్రికలోనే తొమ్మిదో అధ్యాయంలో ‘కరుణాపాత్ర ఘటములు’ అని ఒక సమాసముంది. ఘటమన్నా కుండే, పాత్రన్నా గిన్నే. కుమ్మరి ఒకే ముద్ద నుంచి చేసిన కుండల మాట నడుస్తున్న చోటది. ఇక్కడ పాత్రత కరుణకు ముందు ఉండదు. కరుణ పోయబడినందువల్లే ఆ కుండ పాత్ర అయింది.

కథోలికులు ఈ కృపనే వరప్రసాదం అంటారు, మరియమ్మను పలకరించే జపంలో కూడా. ప్రొటెస్టెంటు బైబిలులో దేవదూత ఆమెను ‘దయాప్రాప్తురాలా’ అని పిలుస్తాడు. గుడి ప్రసాదానికి దగ్గరగా ఉందని వరప్రసాదం అనే మాటకు కొందరు దూరం జరిగినా, ప్రసాదమంటే ప్రసన్నత, ఆ ప్రసన్నతతో ఇచ్చినది. ఇందులో దూరం పెట్టవలసింది ఏమీ లేదు.

ఈ రోజుల్లో మన సంఘాల్లో కృప ఎక్కువగా వినబడేది ఇల్లు కట్టుకున్నప్పుడు, ఉద్యోగం వచ్చినప్పుడు, అబ్బాయికి అమెరికా వీసా వచ్చినప్పుడు. కృతజ్ఞత మంచిదే. కానీ వీసా రానివాడికి కృప లేదా? కృపకు ఉన్న వాడుకంతా ఇదే అయితే, అది తిరిగి పాత్రులకు ఇచ్చే బహుమానంగా మారిపోయినట్టే. సాక్ష్యాలు చెప్పించే పెద్దలకు నా మనవి ఒక్కటే. తాగుడు మానలేక మళ్లీ పడి, మళ్లీ లేచి వచ్చినవాడికీ, జైలు నుంచి తిరిగి వచ్చినవాడికీ ఆ మాట పలికే అవకాశం ముందుగా ఇవ్వండి. కృప అనే మాట మీద మొదటి హక్కు వాళ్లదే.