బందరు ప్రయాణానికి ముందు

సముద్రమూ, చేపల పులుసూ రెండూ ఉన్న చిన్న ఊరికి మూడు రోజులు వెళదామని ఇంట్లో అనుకున్నప్పుడు నేను బందరు పేరు చెప్పాను. "బందరులో లడ్డు తప్ప ఏముందండీ?" అన్నది మా శ్రీమతి. న్యాయమైన ప్రశ్నే. ఆ లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పేరులో చేప, వాడుకలో రేవు, ఖ్యాతి మాత్రం మిఠాయిది! ప్రయాణానికి ముందు ఈ మూడింటి సంగతీ కొంత తేల్చుకుందామని పాత పుస్తకాలు తిరగేశాను.

మచిలీ అంటే హిందుస్తానీలో చేప కనుక మచిలీపట్నం చేపల పట్నమని అందరూ అంటారు. నాకు ఆ వ్యుత్పత్తి మీద అంత గురి లేదు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు వ్రాసిన గ్రంథంలో ఈ తీరం పేరు మసాలియా. టాలెమీ భూగోళంలో మైసోలియా. ఆ నావికుడు ఇక్కడ మెచ్చుకున్నది చేపలను కాదు, సన్నని నూలు వస్త్రాలను. ఆ పాత పేరే అరిగి అరిగి, హిందుస్తానీ చెవికి మచిలీ అని వినిపించి ఉంటుందని నా ఊహ. బందరు అన్న మాటకు మాత్రం పేచీ లేదు. అది పారశీకం, రేవు అని అర్థం.

రేవంటే సామాన్యమైన రేవు కాదు. గోల్కొండ సుల్తానులకు సముద్రం మీదికి తెరిచిన వాకిలి ఇదే. 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు, 1669లో ఫ్రెంచివారు ఇక్కడ వర్తకశాలలు పెట్టుకున్నారు. 1641లో చెన్నపట్నానికి మార్చేదాకా కోరమాండల్ తీరంలో ఆంగ్లేయుల ముఖ్య స్థానం ఇదే. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే ఈ ఊళ్ళోని కొయ్య ఇళ్ళను చూసి పెదవి విరిచినా, బంగాళాఖాతంలో ఇంత మంచి లంగరు చోటు లేదనీ, ఇక్కడి నుంచి పెగూ, సయాం, మక్కాల దాకా ఓడలు నడుస్తాయనీ వ్రాశాడు. 1759లో కర్నల్ ఫోర్డ్ బందరు కోటను ఫ్రెంచివారి నుంచి పట్టుకోవడంతో ఉత్తర సర్కారులలో వారి పని దాదాపు ముగిసింది.

ఇంత చేసినా ఇక్కడ సముద్రానికి లోతు లేదు. కృష్ణ తెచ్చిపోసే ఒండ్రు ఒడ్డును మెరక చేస్తూ పోయింది. పెద్ద ఓడలు మైళ్ళ దూరంలో ఆగితే సరుకును పడవల మీద చేరవేసుకోవలసి వచ్చేది. మంగినపూడిలో ఇసుకకు బదులు కాళ్ళకు అంటుకునే నల్ల మట్టి అదే. ఏ లోతులేనితనం వల్ల ఓడలు దూరమయ్యాయో, దాని పుణ్యాన్నే ఇవాళ పిల్లలు అక్కడ నీళ్ళలో ఆడుకుంటున్నారు.

ఇక 1864 నవంబరు 1. ఆ రాత్రి తుఫానుతో పాటు సముద్రం ఊరిమీదికి వచ్చింది. అల పోటు మట్టానికి 13 అడుగులు పైకి లేచిందనీ, కొన్ని చోట్ల 17 మైళ్ళు లోపలికి పాకిందనీ, సుమారు 30,000 మంది పోయారనీ పాత గెజిటీర్ల లెక్క. బందరు మళ్ళీ ఆ స్థితికి రాలేదు. నన్ను పట్టుకున్న సంగతి అది కాదు. ఇక్కడి డచ్చి శ్మశానంలో 17వ శతాబ్దపు సమాధి రాళ్ళ మీద పేర్లూ, వంశ చిహ్నాలూ ఇప్పటికీ ఉన్నాయి. పురావస్తు శాఖ వాటిని కాపాడుతోంది. ఆ రాత్రి కొట్టుకుపోయిన పల్లెకారుల పేర్లు మాత్రం నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేవు. బట్టల కోసం వచ్చినవారందరూ వెళ్ళిపోయారు. వలలు వేసేవారు మిగిలారు. 1977 నవంబరు 19న పక్కనే దివిసీమను ఉప్పెన ముంచింది, ఆ తరువాత కూడా మిగిలారు.

అందుచేత మొదటి ఉదయం గిలకలదిండికే. తెల్లవారకముందే చేరితే పడవలు ఒడ్డుకు రావడం, చందువలూ వంజరాలూ రొయ్యలూ గంపలకెత్తడం, పాటలు పాడినట్టు సాగే వేలం చూడవచ్చు. మధ్యాహ్నం భోజనానికి ముందు ఈ మనుషులను చూడడం సబబని నాకు తోచింది. డచ్చి సమాధులూ, కోట శిథిలాలూ రెండో రోజుకు. మూడో రోజు పెడన, కలంకారీ అచ్చులు కొట్టేవారి దగ్గరికి. గ్రీకు నావికుడు మెచ్చిన నేతపని వారసత్వం ఏదైనా ఉంటే అక్కడే. 2023లో పనులు మొదలుపెట్టిన కొత్త ఓడరేవును వీలైతే దూరం నుంచి చూస్తాం.

వేసవి సెలవులకు వాయిదా వేయమన్నారు పిల్లలు. కుదరదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవలకు వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం. నవంబరు మాట సరే సరి. సంక్రాంతి దాటాక వెళితే గాలీ చల్లగా ఉంటుంది, చేపా దొరుకుతుంది. బెజవాడ నుంచి గుడివాడ, పెడన మీదుగా వెళ్ళే రైలే నయం. గిలకలదిండిలో కొన్న చేపలను చింతకాయ వేసి పులుసు పెట్టి ఇచ్చే ఇల్లు ఒకటి మాత్రం ముందుగా మాట్లాడుకోవాలి.