ఆస్టియోపతీ: మిస్సోరి నుంచి మెల్‌బోర్న్ దాకా

ఆస్టియోపతీ అనే చేతి వైద్యానికి ఆద్యుడు ఆండ్రూ టేలర్ స్టిల్. అమెరికాలోని కాన్సస్‌లో ఉండేవాడు. తండ్రి ఊరూరా తిరిగే మత బోధకుడు, వైద్యుడు కూడా. కొడుకు ఆయన దగ్గరే వైద్యం నేర్చుకున్నాడు. 1864లో మెనింజైటిస్ సోకి స్టిల్ ఇంట్లో ముగ్గురు పిల్లలు పోయారు. తెలిసిన డాక్టర్లంతా వచ్చి చూసినా లాభం లేకపోయింది. ఆ కాలపు డాక్టర్ల సంచిలో ఉన్నవి పాదరసం కలిసిన కాలోమెల్, నల్లమందు, సారా, కాస్త రక్తం తీసే కత్తి! మందుల మీద ఆయనకు నమ్మకం పోయిందంటే తప్పు పట్టలేం.

దాంతో ఎముకల మీద పడ్డాడు. ఆదివాసుల సమాధులు తవ్వి శవాలు తీసి శరీర నిర్మాణం చదువుకున్నానని తన ఆత్మకథలో ఏ సంకోచమూ లేకుండా రాసుకున్నాడు. అందులోనే చిన్ననాటి ముచ్చట ఒకటుంది. పదేళ్లప్పుడు తలనొప్పి వస్తే నాగలి తాడును రెండు చెట్ల మధ్య నేలకు జానెడు ఎత్తున కట్టి, దాని మీద దుప్పటి అంచు వేసి, మెడ ఆనించి పడుకున్నాడట. నిద్ర లేచేసరికి నొప్పి లేదు. తన శాస్త్రానికి అదే తొలి పాఠమని ఆయన నమ్మకం. ఎముక పక్కకు జరిగితే రక్తప్రసరణ చెడుతుంది, రోగాలన్నిటికీ అదే మూలం, చేత్తో సరిచేస్తే దేహం తనను తానే బాగుచేసుకుంటుంది. 1874 జూన్ 22న ఈ సిద్ధాంతాన్ని ప్రకటించాడు. మెచ్చినవాళ్లు తక్కువ. తన కుటుంబం స్థలమిచ్చి నిలబెట్టిన బేకర్ యూనివర్సిటీలోనే ఉపన్యాసానికి అనుమతి దొరకలేదు. ‘మెరుపు వేగంతో ఎముకలు సరిచేసేవాడిని’ అని కార్డులు పంచుకుంటూ కొన్నాళ్లు బతికాడు. మన పుత్తూరు కట్టు దగ్గరికి జనం బస్సులెక్కి వెళ్లినట్టే చివరికి ఆయన స్థిరపడిన మిస్సోరిలోని కర్క్స్‌విల్‌కు రైళ్లలో దిగేవారు. 1892లో అక్కడే కాలేజీ పెట్టి తొలి తరగతిలోనే ఆడవాళ్లనూ చేర్చుకున్నాడు.

అక్కడి నుంచి దారి రెండుగా చీలింది. అమెరికాలో ఆస్టియోపతీ కాలేజీలు క్రమంగా మందులు, శస్త్రచికిత్స బోధించడం మొదలుపెట్టాయి. నేడు అక్కడ ‘డీవో’ పట్టా ఉన్నవారు ఎండీలతో సమానమైన పూర్తి డాక్టర్లు. మరో పాయ ఇంగ్లండుకు వెళ్లింది. స్టిల్ శిష్యుడు జాన్ మార్టిన్ లిటిల్‌జాన్ 1917లో లండన్‌లో స్కూలు తెరిచాడు. అక్కడ అది చేతి వైద్యంగానే మిగిలింది. ఆస్ట్రేలియాలో స్థిరపడింది ఈ రెండో రకం. కాబట్టి డాలస్‌లో ఉన్న మీ కజిన్ డీవో అయితే మందు చీటీ రాస్తాడు. మెల్‌బోర్న్‌లో ఆస్టియోపాత్ రాయడు.

ఆస్ట్రేలియాలో 20వ శతాబ్దం తొలినాళ్లలోనే ఈ వైద్యులు అడుగుపెట్టినా చాలాకాలం ఎవరు అసలో ఎవరు నకిలీయో తేల్చే చట్టం లేదు. బయోకెమిస్ట్ ఎడ్విన్ వెబ్ అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం 1977లో నివేదిక ఇచ్చాక కథ మారింది. కైరోప్రాక్టర్లనూ ఆస్టియోపాత్‌లనూ రిజిస్టర్ చేయాలనీ, నేచురోపతీకి ఆ గుర్తింపు అక్కర్లేదనీ ఆ సంఘం తేల్చింది. విక్టోరియా రాష్ట్రం 1978లో చట్టం తెచ్చింది. 1986లో బుండూరాలోని ఫిలిప్ ఇన్‌స్టిట్యూట్‌లో కోర్సు మొదలైంది. తరువాత ఆ సంస్థ ఆర్‌ఎమ్‌ఐటీ యూనివర్సిటీలో కలిసింది. విక్టోరియా యూనివర్సిటీ కూడా కోర్సు పెట్టింది. దేశంలోని ఆస్టియోపాత్‌లలో సగానికి పైగా విక్టోరియాలోనే ఉండటానికి ఇదో కారణం. 2010 జులై 1 నుంచి దేశమంతటికీ ఒకే రిజిస్టర్. అందులో పేరు లేనివాళ్లు ఆస్టియోపాత్ అని బోర్డు పెడితే నేరం. 2019లో ప్రైవేటు బీమా రాయితీ నుంచి 16 చికిత్సలను తీసేశారు. పాపం, యోగా కూడా పోయింది. ఆస్టియోపతీ మాత్రం నిలిచింది.

ఇక మొదటిసారి వెళ్లేవారికి. జీపీ (కుటుంబ డాక్టర్) చీటీ అక్కర్లేదు, నేరుగా వెళ్లొచ్చు. అయితే దీర్ఘకాలిక జబ్బుకు జీపీ ప్లాన్ రాస్తే మెడికేర్ ఏడాదికి 5 విజిట్లకు కొంత డబ్బు తిరిగిస్తుంది. ఆ అయిదులోనే ఫిజియో, పాదాల వైద్యుడు అందరూ సర్దుకోవాలి. విజిటర్ వీసా మీద మనవళ్లను చూడటానికి వచ్చిన అమ్మానాన్నలకు ఇది వర్తించదు. మొదటి విజిట్‌లో సగం ప్రశ్నలే: పాత దెబ్బలు, ఆపరేషన్లు, వాడే మందులు. రక్తాన్ని పలుచన చేసే మాత్రలు, ఎముకలు గుల్లబారడం, గర్భం, ఇవేవీ దాచకండి. వంగమంటారు, తిప్పమంటారు, పరీక్ష కోసం కొన్ని బట్టలు తీయమనీ అనొచ్చు. ఇబ్బందైతే వద్దనండి, తోడుగా ఒకరిని కూర్చోబెట్టుకోండి. కీలు టక్కుమంటే ఎముక సర్దుకున్నట్టు కాదు, కీలులోని ద్రవంలో వాయువు చేసే శబ్దం అది. మెడను గబుక్కున తిప్పే పద్ధతిలో అరుదుగానైనా రక్తనాళం చీలే ప్రమాదం ఉంది. అలా తిప్పకుండా చేసే పద్ధతులున్నాయి, అడగండి. తరువాత ఒకటి రెండు రోజులు ఒళ్లు నొప్పులు మామూలే.

నడుం నొప్పికి ఓ మోస్తరు ఉపశమనం ఉందని చెప్పే ఆధారాలున్నాయి. ఆస్తమా, పసిపిల్లల ఏడుపు, చెవిపోటు తగ్గిస్తామనే మాటలకు గట్టి ఆధారం లేదు. స్టిల్ మహాశయుడి ‘సర్వరోగాలకూ ఎముకలే మూలం’ అన్న మాట ఇప్పుడు చరిత్ర మాత్రమే. మూత్రం పట్టు తప్పినా, కాళ్ల మధ్య తిమ్మిరెక్కినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కారణం తెలియకుండా బరువు తగ్గుతూ రాత్రిళ్లు నొప్పి లేపుతుంటే ముందు డాక్టరుకు చూపించుకోవాలి. మిగతావారు అపాయింట్‌మెంట్ తీసుకునే ముందు ఆ జాతీయ రిజిస్టర్ ఉండే ఆప్రా వెబ్‌సైట్‌లో ఆస్టియోపాత్ పేరు కొట్టి చూడండి. ఉచితం, రెండు నిమిషాల పని. రిజిస్ట్రేషన్ మీద షరతులేమైనా ఉంటే అక్కడే కనిపిస్తాయి.