సరుకుల, విద్యుత్తు ధరల గణిత నమూనాలు

సరుకు ధర రేపు ఎటు పోవచ్చో, ఎంత ఊగొచ్చో లెక్కగట్టే పద్ధతుల చరిత్ర 1900లో పారిస్‌లో మొదలైంది. ఆ చరిత్రలోని పెద్ద మలుపులెన్నో ఒకే ప్రశ్న దగ్గర వచ్చాయి: సరుకును దాచిపెట్టగలమా, లేదా? ఐఐటీ, ఐసర్ ఆవరణలున్న తిరుపతి జిల్లా ఏర్పేడులో ఈ గణితం నేర్చుకునే విద్యార్థికి ఉదాహరణలు తెలుగు నేల మీదే దొరుకుతాయి. మదనపల్లె టమాటా నాలుగు రోజులు ఆగదు. నిజామాబాద్ పసుపు ఏళ్ల తరబడి ఆగుతుంది. కరెంటు పుట్టిన క్షణంలోనే ఖర్చయిపోతుంది.

టమాటా, సాలెగూడు

1930లో షుల్జ్, టిన్‌బెర్గెన్, రిచి అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఎవరికి వారే ఒక సంగతి గుర్తించారు. రైతు ఇవాళ్టి ధర చూసి నాటు వేస్తాడు, పంట చేతికొచ్చేది నెలల తర్వాత, అందుకే ధర ఒక పంటకు ఎక్కి మరో పంటకు దిగుతుంది. ఈ లెక్కను గ్రాఫులో గీస్తే గీతలు సాలెగూడులా అల్లుకుంటాయి కనుక 1934లో నికొలస్ కాల్డార్ దీన్ని సాలెగూడు సిద్ధాంతం అన్నాడు. 1938లో మొర్డెకై ఎజెకీల్ దీన్ని విస్తరించి రాశాడు.

పాత చిత్తూరు జిల్లా పడమటి కొసన ఉన్న మదనపల్లె యార్డులో ఇది కళ్లకు కడుతుంది. నారు నాటిన రెండు, రెండున్నర నెలలకు తొలి కోత. ధర బాగుంటే అందరూ నాటుతారు, ఆ కాయంతా ఒక్కసారే మండీలకు దిగుతుంది. 2023 జులైలో అక్కడ మేలురకం కిలో 150 రూపాయలు దాటింది. కోతకూలి కూడా గిట్టక రైతులు కాయను చేలోనే వదిలేసిన ఏళ్లూ ఉన్నాయి. ధర పెరిగితే సాగు ఎంత శాతం పెరుగుతుంది, ధర తగ్గితే కొనుగోళ్లు ఎంత శాతం పెరుగుతాయి? మొదటి స్పందన రెండోదాన్ని మించితే ఊగిసలాట పంట పంటకూ ముదురుతుందని సిద్ధాంతం చెబుతుంది. టమాటా చవకైందని ఏ ఇంట్లోనూ పూటకు రెండు కూరలు వండరు. అందుకే ఇక్కడ ప్రమాదం ఎక్కువ.

రైతు నిన్నటి ధరనే నమ్ముకునేంత అమాయకుడు కాడని 1961లో జాన్ ముత్ వాదించాడు. మాట నిజమే. కానీ పక్క మండలంలో, సరిహద్దు అవతల కోలారులో ఎన్ని ఎకరాలు పడ్డాయో తెలియని రైతుకు ఆ తెలివి ఒక్కటే చాలదు. 2000లో మొదలైన ప్రభుత్వ పోర్టల్ అగ్‌మార్క్‌నెట్ యార్డు ధరలు చెబుతుంది. కోతకు రాబోయే కాయ లెక్క రైతుకు అంతకంటే ఎక్కువ అవసరం.

పసుపు, గోదాము

నిల్వ ఉండే సరుకుల గురించి తొలి గట్టి ఆలోచన స్టాన్‌ఫర్డ్‌లో హోల్‌బ్రూక్ వర్కింగ్‌ది. షికాగో గోధుమల ధరలను ఏళ్ల తరబడి పరిశీలించి, 1949లో ఆయన నిల్వ ధర సిద్ధాంతాన్ని ప్రకటించాడు. దాన్ని ఒక ఊహా లెక్కలో చూద్దాం. కొమ్ము పసుపు ఇవాళ క్వింటా 10,000 రూపాయలు. నాలుగు నెలలు దాచడానికి వడ్డీ 400, గోదాము అద్దె 100. కాబట్టి నాలుగు నెలల వాయిదా ధర 10,500 ఉండాలి. బోర్డు మీద 10,200 ఉంటే మిగిలిన 300 ఎక్కడికి పోయింది? సరుకు చేతిలో ఉండటానికి వ్యాపారి ఇచ్చే విలువ అది. మిల్లు ఆగకూడదు, ఆర్డరు తప్పకూడదు. ఈ విలువను 1939లోనే కాల్డార్ గుర్తించాడు.

2003లో మొదలైన సరుకుల ఎక్స్ఛేంజి ఎన్‌సీడీఈఎక్స్‌లో పసుపు వాయిదా వ్యాపారానికి (ఫ్యూచర్స్) నిజామాబాదే కేంద్రమైంది. 2010 చివర్లో క్వింటా 15 వేల దరిదాపుల్లో ఉన్న ధర, 2012 నాటికి అందులో మూడో వంతుకు పడింది. ధర ఏళ్లకేళ్లు అడుగున పడి ఉండి హఠాత్తుగా ఎందుకు ఎగురుతుందో 1992లో డీటన్, లరోక్ వివరించారు. గోదాములో సరుకున్నంతకాలం అది ధరను అదుపులో ఉంచుతుంది, సరుకు నిండుకున్నాక వచ్చే ఏడాది పంటను ముందుగా అరువు తెచ్చుకోలేం. ఆ అడుగున పడిన ధరల బాధే 2019లో పసుపు, ఎర్రజొన్న రైతులను నామినేషన్లకు నడిపించింది. నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో ఆ ఏడు 185 మంది బరిలో నిలిచారు.

సున్నా కిందికి దిగిన ధర

ధరను యాదృచ్ఛిక నడకగా తొలిసారి రాసింది లూయీ బాషెలియే, 1900లో. 1973లో బ్లాక్, షోల్స్, మెర్టన్ షేర్ల ఆప్షన్ల (ముందే కుదిరిన ధరకు కొనే, అమ్మే హక్కుల) ధరకు సూత్రం కట్టారు. 1976లో ఫిషర్ బ్లాక్ దాన్ని వాయిదా సరుకులకు మలిచాడు. షేరు ధర ఎటైనా పోతుంది, ముడిచమురు మాత్రం ఖరీదైతే కొత్త బావులు తవ్వుతారు, వాడకం తగ్గుతుంది, ధర మళ్లీ తన సగటు వైపు వస్తుంది. 1997లో ఎడ్వర్డో ష్వార్ట్జ్ రాగి, చమురుల్లో ఈ గుణాన్ని చూపాడు. బంగారంలో అది కనిపించలేదు.

బ్లాక్ సూత్రంలో ధర సున్నా కిందికి దిగే వీలే లేదు. 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు మే వాయిదా పీపాకు మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది. ట్యాంకులు నిండిపోతున్నాయి, దించుకునే చోటు కరువైంది. మన సరుకుల ఎక్స్ఛేంజి ఎంసీఎక్స్‌లోనూ పీపా మైనస్ 2,884 రూపాయలకు లెక్క తేల్చారు. రెండు రోజుల్లో షికాగో ఎక్స్ఛేంజి చమురు ఆప్షన్లకు బాషెలియే నమూనాను తెచ్చుకుంది. 120 ఏళ్ల నాటి ఆ లెక్కలో ఋణాత్మక ధరకు చోటుంది మరి.

కరెంటు

2003 విద్యుత్తు చట్టం తర్వాత, 2008 జూన్ 27న ఇండియన్ ఎనర్జీ ఎక్స్ఛేంజి మొదలైంది. ఇప్పుడు రోజును పావుగంట చొప్పున 96 భాగాలు చేసి, ఒక్కో భాగానికి ఒక్కో ధర తేలుస్తారు. దక్షిణాది గ్రిడ్‌కు చాలాకాలం మిగతా దేశంతో గాజువాక వంటి డీసీ లంకెలే దారి. అవి నిండిపోగానే మార్కెట్ రెండుగా చీలి, దక్షిణాది యూనిట్ ధర పైకి లేచేది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైనుతో గ్రిడ్‌లు కలిశాయి. కనుక ఆంధ్రకు కట్టే నమూనాలో 2013కు ముందు, తర్వాతి లెక్కలను కలిపేయడం తప్పు.

కరెంటు ధరకు సగటు వైపు మళ్లే గుణంతో పాటు వేళను, ఋతువును పట్టి ఊగే భాగం ఉంటుందని 2002లో లూసియా, ష్వార్ట్జ్ నార్డిక్ మార్కెట్ ఆధారంగా చూపారు. ధర హఠాత్తుగా ఎగిరే సందర్భాల కోసం 1976 నాటి మెర్టన్ గెంతుల నమూనాను వాడతారు. మనదేశంలో ధరకు పైకప్పు కూడా ఉంది. కేంద్ర విద్యుత్తు నియంత్రణ మండలి 2022 ఏప్రిల్‌లో యూనిట్‌కు 12 రూపాయలు, 2023 ఏప్రిల్‌లో 10 రూపాయల పరిమితి పెట్టింది. ధర పైకప్పుకు తగిలి ఆగిన పావుగంటల్లో అసలు కొరత ఎంతో ధర చెప్పలేదు, బిడ్ల పరిమాణం చూడాలి.

రాయలసీమ సౌర విద్యుత్తు ఈ లెక్కను మళ్లీ నిల్వ దగ్గరికే తెచ్చింది. మధ్యాహ్నం కరెంటు చవక, పొద్దుగూకాక ప్రియం. పాత కర్నూలు జిల్లా పిన్నాపురంలో గ్రీన్‌కో చేపట్టిన 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు ఈ తేడా మీదే ఆధారపడింది: చవక వేళ నీళ్లు పైకి తోడి, ప్రియమైన వేళ కిందికి వదలడం. ఇలాంటివి పెరిగే కొద్దీ పగటికీ రాత్రికీ మధ్య ధరల తేడా సన్నగిల్లుతుంది. ఇప్పటి తేడానే ఇరవై ఏళ్లూ ఉంటుందని లెక్కవేసే నమూనా ప్రాజెక్టు లాభాన్ని ఎక్కువ చేసి చూపుతుంది.