భారతీయ తేనీరు: రుచి వెనుక చరిత్ర

దేశంలో ఏ రైల్వేస్టేషనులో దిగినా, ఏ కార్యాలయం మెట్లెక్కినా ముందుగా ఎదురయ్యేది టీ. పాలూ పంచదారా కలిపి, అల్లమో ఏలకులో దంచి వేసి మరిగించిన ఈ పానీయం అనాదిగా మనదేననిపిస్తుంది. కాని మూడు నాలుగు తరాల క్రితం వరకు మన పల్లెల్లో అత్యధికులకు దీని రుచి తెలియదు. ఈ అలవాటు ఎలా ఏర్పడింది, దీనికి మూల్యం చెల్లించినవారెవరు అన్నవి పరిశీలించదగిన ప్రశ్నలు.

తేయాకు మొక్క మాత్రం ఈ నేలకు కొత్తది కాదు. అస్సాం ఎగువ ప్రాంతపు సింగ్‌ఫోలు ఆ ఆకును వేయించి, ఎండబెట్టి, వెదురు గొట్టంలో కూరి, పొయ్యిమీది పొగకు కట్టి నిలవచేసుకొనేవారు. 1823లో రాబర్ట్ బ్రూస్ అనే స్కాటిష్ వర్తకునికి సింగ్‌ఫో నాయకుడు బెస్సా గామ్ ఈ మొక్కలను చూపించాడు. చైనా వర్తకంలో ఈస్టిండియా కంపెనీకి ఉన్న గుత్తాధిపత్యం 1833 నాటి చట్టంతో రద్దుకావడంతో ప్రభుత్వం ఈ మొక్కపై దృష్టి సారించింది. 1834లో గవర్నర్ జనరల్ బెంటింక్ తేయాకు సంఘాన్ని నియమించాడు. ఆకును తయారుచేసే విద్య నేర్పడానికి చైనా పనివారిని రప్పించారు. 1839 జనవరిలో అస్సాం తేయాకు తొలిసారి లండనులో వేలానికి వచ్చింది. ఉన్నవి ఎనిమిది పెట్టెలే. అదే సంవత్సరం అస్సాం కంపెనీ ఏర్పడింది.

ఆ కంపెనీలో దివానుగా పనిచేసిన మణిరాం దేవాన్ తరువాత విడివడి జోర్హాట్ సమీపంలో సొంత తోటలు వేశాడు. తేయాకు సాగు చేపట్టిన తొలి భారతీయునిగా ఆయనను చరిత్ర గుర్తించింది. 1857 తిరుగుబాటులో కుట్ర చేశాడన్న అభియోగంపై 1858 ఫిబ్రవరి 26న జోర్హాట్‌లో ఆయనను ఉరితీశారు.

తోటలు విస్తరించినకొద్దీ మనుషుల కొరత తీవ్రమయింది. ఛోటానాగపూర్ నుండేకాక, మద్రాసు రాజధానిలోని గంజాం, విశాఖపట్టణం జిల్లాలనుండి కూడా దళారులు కూలీలను తరలించారు. 1859 నాటి చట్టం ఒప్పందం మీరిన కూలీని నేరస్థునిగా పరిగణించింది. 1865 చట్టం పారిపోయినవారిని నిర్బంధించే అధికారాన్ని తోటల యజమానులకే కట్టబెట్టింది. ఈ దుస్థితిని 1880లలో ద్వారకానాథ్ గంగూలీ బెంగాలీ పత్రిక ‘సంజీవని’ ద్వారా వెల్లడించాడు. 1921 మేలో చార్గోలా లోయ కూలీలు వేలాదిగా తోటలు వదలి ఇళ్లకు బయలుదేరగా, నేడు బంగ్లాదేశ్‌లో ఉన్న చాంద్‌పూర్ స్టేషనులో గూర్ఖా సైనికులు వారిపై దౌర్జన్యం సాగించారు. అస్సాం తేయాకు తోటల సముదాయాల జాబితాలో ‘తెలంగా’ అన్న పేరు నేటికీ ఉంది. మన కప్పులోని టీతో తెలుగువారికి గల తొలి బంధం తాగినవారిది కాదు, కోసినవారిది.

తాగించే ప్రయత్నం తరువాత మొదలయింది. 1903లో తేయాకు ఎగుమతులపై సుంకం విధించి, ఆ సొమ్మును ప్రచారానికి కేటాయించారు. 1930ల ఆర్థిక మాంద్యంలో విదేశీ గిరాకీ తగ్గగా, స్వదేశంలోని కోట్లాది జనం వర్తకుల కంటబడ్డారు. రైల్వేస్టేషన్లలో దేశభాషలలో పలకలు వెలిశాయి. ప్రచారకులు సంతలకూ ఇళ్లకూ వెళ్లి టీ కాచే పద్ధతి చూపించారు. నీటిని మరిగించాలి, కూజాలో కొలతప్రకారం ఆకు వేయాలి, కొద్ది నిమిషాలు ఊరనివ్వాలి, పాలు విడిగా చేర్చాలి: ఇది వారి పాఠం. దుకాణదారులు పాలెక్కువ పోసి, మసాలా దట్టించి, ఆకు తగ్గించడం వారికి నచ్చలేదు. గాంధీజీ వంటివారు టీలోని టానిన్ వల్ల హాని ఉందని వేరొక దిశనుండి హెచ్చరించారు. ప్రజలు ఈ ఇద్దరి మాటా పూర్తిగా వినలేదు. టీని స్వీకరించారు, పాఠాన్ని వదిలేశారు.

ఆ అవిధేయతలోనూ ఒక తర్కం ఉంది. 1930లలో అస్సాంలో రూపొందిన యంత్రం ఆకును నలిపి, చింపి, గుళికలుగా చుట్టింది. దీనినే సీటీసీ పద్ధతి అంటారు. స్వాతంత్ర్యానంతరం ఇది విస్తృతంగా వ్యాపించింది. ఈ గుళికలు త్వరగా రంగు దిగుతాయి, కొద్ది పరిమాణంతోనే చిక్కని డికాక్షన్ ఇస్తాయి, ధర తక్కువ. వీటి వగరును పాలలోని మాంసకృత్తులు టానిన్లతో కలిసి తగ్గిస్తాయి. కనుక ఈ రకానికి మరిగించడమూ, పాలూ, అల్లమూ, మిరియమూ చక్కగా ఇముడుతాయి.

పూర్తి ఆకును చుట్టి చేసిన సంప్రదాయ రకాలకు ఈ పద్ధతి తగదు. డార్జిలింగ్‌లో మార్చి, ఏప్రిల్ నెలల తొలి చిగురు లేతరంగులో పూలవాసన ఇస్తుంది. మే, జూన్ నెలల మలి చిగురుకు ద్రాక్షను తలపించే పరిమళం ఉంటుంది. నీలగిరి ఆకు తేలికైన సువాసన గలది. కాగిన నీటిని దించి ఆకుపై పోసి, మూతపెట్టి, మూడు నాలుగు నిమిషాలలో వడకట్టాలి. పాలు పోస్తే ఆ పరిమళం మరుగునపడుతుంది. ఆక్సీకరణం చెందనివ్వని పచ్చ తేయాకుకు మరుగు నీరు పనికిరాదు, చేదెక్కుతుంది. కొంత చల్లారిన నీటిలో రెండు నిమిషాలు చాలు.

అయితే ప్రాంతీయ సంప్రదాయాలు ఈ నియమాలను కూడా దాటిపోయాయి. కాశ్మీరులో పచ్చ ఆకును సోడాతో చాలాసేపు మరిగించి, పాలూ ఉప్పూ చేర్చి గులాబిరంగు ‘నూన్ చాయ్’ చేస్తారు. అక్కడి ‘కహ్వా’లో కుంకుమపువ్వు, ఏలకులు, బాదం పడతాయి. లడఖ్‌లో వెన్న, ఉప్పు చేర్చి కొయ్యగొట్టంలో చిలుకుతారు. హైదరాబాదులో ఇరాన్ నుండి వలసవచ్చినవారి హోటళ్లలో డికాక్షన్ ఒకచోట, సన్నసెగపై చిక్కబడిన పాలు మరొకచోట సిద్ధమై, కప్పులోనే కలుస్తాయి. ఇన్ని రుచులకూ మూలం ఒకే మొక్క.

డార్జిలింగ్ తేయాకు 2004లో దేశంలో తొలి భౌగోళిక గుర్తింపు పొందింది. ఆకు పుట్టిన నేలకు చట్టం ఇచ్చిన గౌరవమిది. ఆ నేలపై వంగి, రెండాకులూ ఒక మొగ్గా తుంచే చేతులకు దక్కవలసిన గౌరవం మాత్రం ఇంకా పూర్తిగా దక్కలేదు. మంచి తేనీటిని ఎంచుకోవడం నేర్చుకొన్న పాఠకుడు, దాని ధరలో ఆ చేతుల వాటా ఎంత అని కూడా అడగగలిగితే, ఆ రుచి మరింత నిండుగా ఉంటుంది.